బ్రూక్లిన్‌లో ఖదీజా వాళ్ల పేట

మాన్‌హాటన్‌లో బెడ్‌ఫర్డ్ స్ట్రీట్, గ్రోవ్ స్ట్రీట్ కలిసే మూల మీద ఒక పాత అపార్ట్‌మెంట్ ఉంది. ‘ఫ్రెండ్స్’ సీరియల్లో బయటి నుంచి చూపించే బిల్డింగ్ అదే. మేం వెళ్లేసరికి ఎదుటి ఫుట్‌పాత్ నిండా జనం. ఒకరి ఫోటో అయ్యేదాకా ఇంకొకరు ఓపిగ్గా ఆగుతున్నారు. అక్క రెండు నిమిషాలు చూసి, “పదవే, మనం వచ్చింది దీని కోసం కాదుగా” అంది.

మేం వచ్చింది ‘లివింగ్ సింగిల్’ కోసం.

అక్క అంటే సొంత అక్క కాదు. ఎం.ఎస్. చదివే రోజుల్లో జెర్సీ సిటీలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో నలుగురం అమ్మాయిలం ఉండేవాళ్లం. అందరిలో పెద్దది కాబట్టి ముగ్గురికీ అక్కే. 2018 మొదట్లో ఈ పాత సీరియల్ హులూ అనే స్ట్రీమింగ్ యాప్‌లోకి వచ్చినప్పుడు, ఒక రాత్రి అన్నాలు తింటూ ఏదో పెట్టాలి కాబట్టి అక్క పెట్టింది. ఆ రాత్రి నాలుగు ఎపిసోడ్లు చూశాం. మర్నాడు నాకు పరీక్ష కూడా ఉంది.

సీరియల్ కథ ఇదీ: బ్రూక్లిన్‌లో ఒక ఇల్లు. ఖదీజా ‘ఫ్లేవర్’ అనే పత్రిక నడుపుతుంది. ఆమె చిన్నాన్న కూతురి వరస సింక్లెయిర్ అదే ఆఫీసులో రిసెప్షనిస్టు, నటి కావాలని కోరిక. చిన్నప్పటి స్నేహితురాలు రెజీన్‌కి బట్టలంటే ప్రాణం. లాయర్ మ్యాక్సిన్ ఆ ఇంట్లో ఉండదు గానీ, రోజూ వచ్చి ఫ్రిజ్ ఖాళీ చేసి పోతుంది. పై ఫ్లాట్‌లో షేర్ బ్రోకర్ కైల్, ఏది పాడైనా బాగుచేసే ఓవర్టన్. అందరూ నల్లజాతి వాళ్లు, ఉద్యోగాలు చేసుకుంటూ అద్దెలు కట్టుకుంటూ బతికే పాతికేళ్ల వాళ్లు. మా పై ఫ్లోర్ నుంచి కూడా ఒకమ్మాయి వచ్చి, అడగకుండానే మా గోంగూర పచ్చడి సీసా తెరిచేది. ఆమెకి మ్యాక్స్ అనే పేరు పెట్టేశాం. ఇప్పటికీ నా ఫోన్‌లో ఆమె నంబరు అదే పేరు మీద ఉంది.

ఫోర్టీన్త్ స్ట్రీట్ దాకా నడిచి, 2 నంబర్ ట్రైన్ ఎక్కి గ్రాండ్ ఆర్మీ ప్లాజాలో దిగాం. పైకి రాగానే 1892లో కట్టిన పెద్ద రాతి కమాను. అవతల సెంట్రల్ లైబ్రరీ, దాని ద్వారం మీద ఎండకి మెరుస్తున్న బంగారు రంగు బొమ్మలు. వాటిని తిరిగొచ్చేటప్పుడు చూద్దాం అనుకుని ప్రాస్పెక్ట్ హైట్స్ వైపు నడిచాం. సీరియల్లో ఖదీజా వాళ్లుండే పేట అదే. లోపలి గదులన్నీ కాలిఫోర్నియా స్టూడియోలో వేసిన సెట్లని తెలుసు. ఫలానా ఇల్లు అని వెతకడానికి వెళ్లలేదు. ఆ వీధుల్లో ఒకసారి నడవాలి, అంతే.

స్టెర్లింగ్ ప్లేస్, పార్క్ ప్లేస్, ప్రాస్పెక్ట్ ప్లేస్. చెట్ల నీడలో గోడకి గోడ ఆనుకుని బ్రౌన్‌స్టోన్ ఇళ్లు. గోడ మొత్తం రాయే అనుకునేదాన్ని. కాదట, కట్టింది ఇటుకతో, ముందువైపు మాత్రం ఆ గోధుమ రంగు ఇసుకరాయి పలకలు. ఒక ఇంటి మెట్ల పక్కన రాయి మీద చెయ్యి పెడితే అట్టులా పొరలు పొరలుగా లేచి ఉంది, వేలికి బెల్లప్పొడిలాంటి పొడి అంటుకుంది. ఈ రాయి గుణమే అంత, నీళ్లు లోపలికి దిగి చలికి గడ్డకట్టినప్పుడల్లా పొర విడుస్తుంది. ఈ ఇళ్లలో చాలావాటికి 2009 నుంచి చారిత్రక కట్టడాలుగా రక్షణ ఉంది.

ప్రతి ఇంటికీ ఫుట్‌పాత్ నుంచి గుమ్మం దాకా ఎత్తయిన మెట్లు. ఇక్కడ వాటిని స్టూప్ అంటారు. నాకు మాత్రం మా అమ్మమ్మ వాళ్ల వీధి అరుగులే గుర్తొచ్చాయి, ఎందుకంటే ఒక మెట్ల మీద ఒక పెద్దావిడ కాఫీ కప్పుతో కూర్చుని, వచ్చేపోయే వాళ్లని పలకరిస్తూ ఉంది. మమ్మల్నీ పలకరించింది. ఎందుకొచ్చామో చెప్పగానే కప్పు పక్కన పెట్టేసి, “కూర్చోండమ్మా” అంది.

తొంభైల్లో ఆమె నర్సుగా చేసేదట. చెల్లెలు, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఈ చుట్టుపక్కలే అద్దెకుండేది. “గురువారం రాత్రి డ్యూటీ పడితే ఎవరితోనైనా మార్చుకునేదాన్ని” అంది. మళ్లీ తనే సర్దుకుని, “మొదటి ఏడాది ఆదివారాలు వచ్చేది, తర్వాతే గురువారానికి మార్చారు” అంది. తెర మీద తమలాంటి ఆడవాళ్లు సొంతంగా పత్రిక నడపడం, కోర్టులో వాదించడం, ఇంటికొచ్చి సోఫాలో పడి నవ్వుకోవడం చూస్తే ఒళ్లు పులకరించేదట. ఆ మాట చెప్పేటప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ కాలపు ఇరుగుపొరుగులో ఇప్పుడు మిగిలినవాళ్లు కొద్దిమందేనట. అద్దెలు పెరిగి కొందరు, ఇల్లు అమ్ముకుని కొందరు అట్లాంటా వైపు వెళ్లిపోయారు. ఖదీజాలాంటి అమ్మాయి ఈ రోజు ఈ పేటలో ఇల్లు తీసుకోవాలంటే చిన్న పత్రిక మీద వచ్చే డబ్బులు ఏ మూలకీ చాలవు.

నాకు మనసు కష్టపెట్టే సంగతి ఒకటుంది. ‘లివింగ్ సింగిల్’ ఫాక్స్‌లో మొదలైంది 1993 ఆగస్టు 22న. ‘ఫ్రెండ్స్’ ఎన్‌బీసీలో వచ్చింది ఏడాది తర్వాత, 1994 సెప్టెంబరులో. నగరంలో ఆరుగురు స్నేహితులు, ఒకే బిల్డింగ్‌లో ఇళ్లు, రెండూ వార్నర్ బ్రదర్స్ వాళ్లవే. ‘లివింగ్ సింగిల్’ని సృష్టించిన ఇవెట్ లీ బౌసర్, ప్రైమ్ టైమ్‌లో సొంత సీరియల్ సృష్టించిన తొలి నల్లజాతి మహిళ. ఖదీజాగా వేసి, టైటిల్ పాట కూడా పాడిన క్వీన్ లతీఫాకి అప్పటికి 23 ఏళ్లే. అయిదు సీజన్లు, 118 ఎపిసోడ్లు, 1998 జనవరి 1తో అయిపోయింది. ‘ఫ్రెండ్స్’ అంటే నాకూ ఇష్టమే. కానీ ముందొచ్చిన దాని పేరు మా ఆఫీసులో సగం మందికి తెలియదు. ఆ రోజు పొద్దున ఆ మూల మీద అంత మంది, మధ్యాహ్నం ఇక్కడ మేమిద్దరమే.

ఆకలేసి వాషింగ్టన్ అవెన్యూ మీద 1936 నుంచి ఉన్న టామ్స్ రెస్టారెంట్‌లో పాన్‌కేకులు తిని, మళ్లీ అదే వీధికి వచ్చాం. పెద్దావిడ లోపలికి వెళ్లినట్టుంది, కప్పు మాత్రం మెట్టు మీదే ఉంది. అక్క మిగతా ఇద్దరికీ వీడియో కాల్ చేసింది. ఒకరు డాలస్‌లో, ఇంకొకరు గుంటూరులో. గుంటూరులో అప్పటికి అర్ధరాత్రి దాటింది, పాప నిద్రపోతోందని గుసగుసగా మాట్లాడింది. “మెట్లు చూపించు... కిటికీ చూపించు... పై ఫ్లోర్ ఏదే, కైల్ వాళ్లది?”

అక్క ఫోన్ పైకెత్తి, ఒక్కో అంతస్తూ మెల్లగా చూపించింది.