మూత ఒకటే, డిపాజిట్ వేరే

ఖాళీ బాటిల్ తీసుకుని, కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ తిరిగిచ్చే మిషన్ మూడోసారి కూడా నా ప్లాస్టిక్ బాటిల్‌ని వెనక్కి తోసేసింది. క్యూలో నా వెనకున్న పెద్దాయన లేబుల్ చూసి, "ఇది నెదర్లాండ్స్‌ది, ఇక్కడ తీసుకోదు" అన్నారు.

నిన్న వాల్స్‌లో కొన్నాను. మా ఆఖెన్‌కి పక్క ఊరే, మధ్యలో సరిహద్దు. అక్కడ చిన్న బాటిల్‌కి డిపాజిట్ 15 సెంట్లు, ఇక్కడ జర్మనీలో 25. ఇటుపక్క బెల్జియంలో అయితే ఇలాంటి బాటిళ్లకి డిపాజిట్టే లేదు.

బాటిల్ తిప్పి చూశాను. మూత ఊడిపోకుండా మెడకే అంటుకుని ఉంది. 2024 జూలై నుంచి యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల్లోనూ అదే రూల్. 2029 కల్లా 90 శాతం బాటిళ్లు సేకరించాలని కూడా అందరూ ఒప్పుకున్నారు. డబ్బు తిరిగిచ్చే దగ్గర మాత్రం ఎవరి లెక్క వాళ్లది. నిజంగా బాధేసింది.

చెత్తలో పడేయడానికి మనసు రాలేదు. బ్యాగులో పెట్టుకున్నాను. శనివారం మళ్లీ వాల్స్ వెళ్తాను.