లైను చివరి ఇల్లు

"మీ దేశంలో కరెంటే సరిగ్గా ఉండదట, వోల్టేజీ సంగతి నీకేం తెలుస్తుంది?" అనేసింది మొన్న ఒక పెద్దావిడ. అడిలైడ్‌లో ఇళ్లమీద సోలార్ పెట్టే పని నాది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఆవిడ ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె, ఆగిపోతోంది. కోపం న్యాయమే. ఆ మాటే మింగుడుపడలేదు.

నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మా ఊళ్లో మాది ఆఖరి స్తంభం దగ్గరి ఇల్లు. మోటార్లూ పిండిమరా లాగేసుకోగా మిగిలిందే మాకు. పొద్దుగూకితే ట్యూబులైటు కొట్టుకునేదే కానీ వెలిగేది కాదు. స్టెబిలైజర్ ముల్లు చూశాకే నాన్న ఫ్రిజ్ వెయ్యనిచ్చేవారు.

ఇక్కడ జరిగేదీ అదే, తిరగబడి. కరెంటు ఇంటికొస్తుంటే దారిలో వోల్టేజీ పడుతుంది, మిగిలిన సోలార్ కరెంటు ఇంటినుంచి వీధిలోకి పోతుంటే ఇంటి దగ్గర పెరుగుతుంది. తీగ నిరోధం 0.4 ఓమ్, పోయేది 20 ఆంపియర్లు అనుకుంటే ఆ పెరుగుదల 8 వోల్టులు. ఈ దేశంలో 2000లో ప్రమాణాన్ని 230 వోల్టులకి మార్చినా చాలా లైన్లు ఇంకా 240 దగ్గరే నడుస్తాయి. 253 దాటితే ఇన్వర్టర్ తనంతట తాను పంపే కరెంటు తగ్గించుకోవాలి, పది నిమిషాల సగటు 258 దాటితే ఆగిపోవాలి. వీధంతా పోసింది కలిసి ఎక్కువగా పెరిగేది చివరింట్లోనే. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్నాయన దర్జాగా అమ్ముకుంటుంటే ఆవిడ ప్యానెళ్లు ఊరికే ఎండలో పడి ఉంటాయి. ఇద్దరూ పెట్టింది అదే డబ్బు. టీవీలూ ఫ్రిజ్‌లూ కాలిపోకూడదు, ఆ నిబంధన ఉండాల్సిందే. కానీ అక్కడా ఇక్కడా నష్టం చివరింటిదేనా? ఇది నన్ను వదలడం లేదు.

ఫిర్యాదు చేస్తే మీటరు పెట్టి కొలిచి, అవసరమైతే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్, అంటే అది ఇచ్చే వోల్టేజీని పెంచి తగ్గించే అమరిక, దించుతారిక్కడ. ఆవిడ చేత ఫిర్యాదు నేనే రాయించాను. మా ఊరి లైన్‌మన్‌లకి ఓపిక తక్కువేమీ కాదు, వానలోనూ స్తంభం ఎక్కేవాళ్లు. వాళ్ల చేతికి ఇన్ని పరికరాలు ఎవరిచ్చారు?

నాన్న ఇప్పుడు సూర్యఘర్ సబ్సిడీతో మేడమీద ప్యానెళ్లు పెట్టిస్తానంటున్నారు. తప్పకుండా పెట్టించమన్నాను. వేసవి మధ్యాహ్నం ఊరంతా కూలర్లు తిరుగుతుంటే, చివర్లో పుట్టే కరెంటు అక్కడి వోల్టేజీని కాస్త లేపుతుంది. చలికాలం సంగతి వేరు, ఎండ ఉంటుంది, వాడకం ఉండదు. చివరిళ్లకి అందాలని ట్యాప్ ఎప్పుడో పైకి పెట్టేసి ఉంటే మనకీ ఇదే గొడవ. అందుకే, ప్యానెళ్లు బిగించకముందే ట్యాప్ ఎక్కడుందో లైన్‌మన్‌ని అడగమన్నాను.