బెదరని జింక

కిందటి అక్టోబరులో నాన్న మా దగ్గరే ఉన్నారు. మేము ఉండేది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మేడిసన్ నగరానికి పడమటగా మౌంట్ హోరెబ్ వెళ్ళే దారిలో. ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరటి తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఇలా రా. ఆ జింక బెదరడం లేదు చూడు" అని పిలిచారు.

నాన్న నల్లమల అంచున, ఆత్మకూరు దగ్గర పెరిగారు. దుప్పుల మందలో ఒక్కటి కూత పెడితే మిగతావన్నీ ఎలా మాయమవుతాయో చిన్నప్పటి నుంచి చూసిన మనిషి. అందుకే ముందుగా ఆయన కంటపడింది దాని బక్క ఒళ్ళు కాదు, అది బెదరకపోవడం. వాగు పక్కన తల వాల్చి, చెవులు వేలాడేసుకుని నిలబడి ఉంది. నోటి నుంచి చొంగ తీగలా కారుతోంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. గట్టిగా చప్పట్లు కొట్టాను. మెల్లగా తల తిప్పి చూసింది, అంతే. పక్కింటి పెద్దాయన కంచె అవతల నుంచి దగ్గరికి వెళ్ళవద్దని కేకేసి, వన్యప్రాణి విభాగానికి ఫోన్ చేశారు. మధ్యాహ్నానికి వాళ్ళ మనిషి వచ్చి దాన్ని కాల్చి, తీసుకుపోయాడు.

ఆ జింకకు వచ్చిన జబ్బుకు పత్రికలు 'జాంబీ జింకల జబ్బు' అని, అంటే నడిచే శవాల జబ్బని, పేరు పెట్టాయి. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. నీళ్ళ పక్కన నిలబడి కూడా దారి తెలియని ప్రాణికి పెట్టే పేరు అది కాదు. అసలు పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, అంటే నెమ్మదిగా చిక్కి శల్యమయ్యే జబ్బు. ఇక్కడి వాళ్ళు సీడబ్ల్యూడీ అంటారు. పిచ్చి ఆవు వ్యాధికి ఇది దగ్గరి చుట్టం. బాక్టీరియా కాదు, వైరస్ కూడా కాదు. ఒంట్లో మామూలుగా ఉండే ఒక ప్రొటీన్ మడత తప్పి ప్రియాన్‌గా మారుతుంది. పక్కనున్న మంచి ప్రొటీన్లను కూడా తన మడతలోకే లాగుతుంది. చివరికి మెదడంతా స్పాంజిలా తూట్లు పడుతుంది. మందు లేదు, టీకా లేదు, కోలుకున్న జింక అంటూ లేదు.

1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో, పరిశోధన కోసం పెంచుతున్న జింకల్లో దీన్ని మొదట గమనించారు. మేత తక్కువై చిక్కిపోతున్నాయని చాలాకాలం అనుకున్నారట. 1970ల చివర్లో ఎలిజబెత్ విలియమ్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త చనిపోయిన జింకల మెదళ్ళను సూక్ష్మదర్శిని కింద చూసి ఆ తూట్లను గుర్తుపట్టారు. విస్కాన్సిన్‌లో 2002 ఫిబ్రవరిలో బయటపడింది. అంతకుముందు నవంబరులో మౌంట్ హోరెబ్ దగ్గర వేటాడిన మూడు జింకల్లో! మిసిసిపీ నదికి తూర్పున ఇవే మొదటివి. ఇప్పుడు రాష్ట్రంలోని 72 కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటి వాటిలో, సగానికి పైగా చోట్ల అడవి జింకల్లో ఇది ఉంది.

దీని నెమ్మదితనమే నన్ను భయపెడుతుంది. ఒంట్లో చేరాక ఏడాదిన్నర దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం జింక నిగనిగలాడుతూనే తిరుగుతుంది. ఆ రోజుల్లోనే చొంగలో, మూత్రంలో, పెంటికల్లో ప్రియాన్లు నేల మీద పడుతుంటాయి. అవి మట్టిలో ఏళ్ళ తరబడి చావవు. పక్కింటి పెద్దాయన ఒకప్పుడు తన పొలంలో జింకలు నాకడానికి ఉప్పుదిమ్మ పెట్టేవారు. అలాంటి చోట్ల మట్టిలోనూ నీటిలోనూ ప్రియాన్లు దొరికాయని ఈ రాష్ట్ర పరిశోధకులే చూపించాక, ఆ దిమ్మ తీసేసి చుట్టూ కంచె వేశారు. "ప్రేమతో పెట్టాను" అన్నారు నాతో, ఇంకా ఏదో అనబోయి ఆగిపోయారు.

జన్యువుల సంగతి మొదట చదివినప్పుడు నేను చాలా ఆశపడ్డాను. ఇక్కడివి తెల్లతోక జింకలు. వీటి ప్రియాన్ ప్రొటీన్‌లో 96వ స్థానంలో సాధారణంగా గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కొన్నింటికి అక్కడ సెరిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుంది. సెరిన్ ఉన్నవాటికి జబ్బు తక్కువగా తగులుతుంది. ఇంకేం, కొన్ని తరాలు గడిస్తే తట్టుకునేవే మిగులుతాయి కదా అనుకున్నాను. తరువాత తెలిసింది, సెరిన్ కాపాడదు, ఆలస్యం చేస్తుందని. ఆ జింకకూ జబ్బు వస్తుంది, కాకపోతే నెమ్మదిగా ముదురుతుంది. అంటే అన్ని నెలలు ఎక్కువగా తిరుగుతుంది, అన్ని నెలలు ఎక్కువగా మట్టిలోకి వదులుతుంది. జింక జన్యురకాన్ని బట్టి ప్రియాన్ కూడా కొత్త రూపం తీసుకోగలదని కెనడాలో జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

"మా నల్లమలలో అయితే ఇలాంటిది రెండో పొద్దు చూడదు. రేచుకుక్కలో, పులో ముందు దీన్నే పట్టేవి" అన్నారు నాన్న. ఆ మాటలో చాలా నిజం ఉంది. కొలరాడోలో కొండసింహాలు ఆరోగ్యంగా ఉన్నవాటికంటే జబ్బు జింకలనే ఎక్కువగా పట్టడం పరిశోధకులు గమనించారు. విస్కాన్సిన్‌లో 1960 నాటికే తోడేళ్ళు లేకుండా పోయాయి. తరువాత మిన్నెసోటా వైపు నుంచి తిరిగి వచ్చాయి గానీ, అవి ఎక్కువగా ఉండేది ఉత్తరాన; జబ్బు ముదిరింది మా దక్షిణాన.

తోడేళ్ళు పోయిన చోట జింకలు పెరిగి, అడవినే తినేశాయి. పెద్దాయన తన అడవిలో ఒక చిన్న ముక్క చుట్టూ ఎత్తైన వల కట్టారు. మే నెలలో లోపల ట్రిలియం పూలు పూస్తాయి, మూడు తెల్లని రేకులతో. విత్తనం నుంచి పువ్వు రావడానికి ఏడేళ్ళకు పైగా పట్టే మొక్క అది. వల బయట ఒక్కటీ లేదు. ఓక్ మొలకలు మోకాలి ఎత్తు దాటవు. 1943లో ఆల్డో లియోపోల్డ్ అనే వన్యప్రాణి శాస్త్రవేత్త ఇదే రాష్ట్రంలో ఆడజింకలను కూడా వేటాడనిచ్చి మందలు తగ్గించాలని వాదిస్తే జనం ఆయన మీద మండిపడ్డారు. నేను అప్పుడు ఉండి ఉంటే ఆ జనంలోనే ఉండేదాన్ని. ఇప్పుడు మాత్రం ఆయన పక్షమే.

నవంబరులో 9 రోజుల తుపాకీ వేట మొదలైంది. పెద్దాయన ఒక మగజింకను కొట్టారు. ఆడవాటికంటే మగవాటిలోనే జబ్బు ఎక్కువ. తలను కొంత మెడతో సహా కోసి, సంచిలో వేసి, చీటీ కట్టి, నమూనాలు వేసే పెట్టెలో పెట్టడానికి వెళ్తూ నన్నూ నాన్ననూ తీసుకెళ్ళారు. గొంతు దగ్గరి లింఫ్ గ్రంథులను పరీక్షిస్తారు. మాకు ఒక మాంసం పొట్లం ఇచ్చి, "ఫలితం వచ్చేదాకా వండవద్దు" అని రెండుసార్లు చెప్పారు. ఇంతవరకు మనిషికి ఈ జబ్బు సోకినట్లు తేలలేదు. అయినా జబ్బు తేలిన జింకను తినవద్దని ఆరోగ్య అధికారులు చెబుతారు. ఎంత ఉడికించినా ప్రియాన్ చావదు.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. ఉంది.

పెద్దాయన ఫ్రీజరు ఖాళీ చేస్తుంటే మా పొట్లం పట్టుకుని వెళ్ళాను. ఏడాది తిండి ఆయనకది. ఒక్కొక్క పొట్లమే తీసి రెండు వరుసల సంచిలో వేస్తున్నారు. నాన్న పక్కనే నిలబడి, "కాల్చేముందు అది బెదిరిందా అని అడుగమ్మా" అన్నారు నాతో.

అడిగాను.

"బెదిరింది. నా అడుగు చప్పుడుకే దూకింది. తోక ఎత్తి, ఇంత ఎత్తు" అని చేత్తో చూపించారు పెద్దాయన.