కిటికీ కింద నీలం గోలీలు

పోయిన వానాకాలం మా ఎనిమిదో క్లాసు గది వెనక గడ్డి పీకిస్తుంటే కిటికీ కింద నీలం గోలీలు కనిపించినయ్, ఒకటి రెండు కాదు గుప్పెడు, కొన్ని వానకు నాని మట్టికి రంగు కూడా పట్టింది. రక్తం తక్కువ కావద్దని సోమవారం సోమవారం పిల్లలకిచ్చే ఐరన్ గోలీలవి. రిజిస్టర్ తీసి చూస్తే ఆ నెలంతా అందరి పేర్ల పక్కన టిక్కులే, ఆ టిక్కులు పెట్టింది నేనే. చాలా బాధైంది.

నేను నల్గొండ జిల్లాల ఒక సర్కారు హైస్కూల్ల బయాలజీ చెప్త. ఆ గోలీల 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటయ్, 10 నుంచి 19 ఏండ్ల పిల్లలకు వారానికొకటి. ఇది కాక ఫిబ్రవరి, ఆగస్టుల నులిపురుగుల గోలీ, 2020ల వచ్చిన స్కూల్ హెల్త్ ప్రోగ్రామ్ కింద బడికి ఇద్దరు టీచర్లు, 11 అంశాల మీద క్లాసులు. అన్నీ మంచియే, పిల్లలకు కావాల్సినయే. కానీ చూసిపోనీకి వచ్చేటోళ్లు అడిగేది ఒక్కటే, ఎన్ని గోలీలొచ్చినయ్ ఎన్ని పంచిన్రు అని. ఎన్ని మింగిన్రు అని నన్ను ఇంతవరకు ఎవ్వరూ అడగలే, నేనూ పిల్లలను అడగలే.

తర్వాత కూసోబెట్టుకుని అడిగిన, తిట్టనని ముందే చెప్పి. కడుపుల తిప్పుతది సార్ అన్నరు కొందరు. ఎందుకు తిప్పదు, మేమిచ్చేది పొద్దుగాల ప్రేయర్ కాంగనే, సగం మంది ఏం తినకుండ వస్తరు. ఒక పిల్ల సిగ్గుపడుకుంట, దొడ్డికి నల్లగ వస్తుందని వాళ్లవ్వ భయపడి వద్దన్నదని చెప్పింది. ఐరన్ వేసుకుంటే అట్లనే వస్తది, ఏం కాదు అని ముందే చెప్తే అయిపోయేది, రెండు నిమిషాల మాట, అది నా సబ్జెక్టు కూడా.

మంచిది చేతికిచ్చినా చూసుకునే మనిషి లేక పనికిరాకుండ పోవుడు మా జిల్లావాళ్లకు కొత్త ముచ్చట కాదు. ఫ్లోరైడ్ నీళ్లు బాగుచెయ్యనీకి 1970లల్ల నీరి అనే కేంద్ర పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టిన పద్ధతికి మన పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని. సున్నం, పటిక కలిపి కలియబెట్టి, తేరినాక పైనీళ్లు వాడుకోవాలె. ఆ పద్ధతిల తప్పు లేదు, కానీ నీళ్లను బట్టి లెక్కగ కలిపి, కింద పేరిన మడ్డి తీసే మనిషి రోజూ ఉండాలె. మనిషి లేకుంటే పద్ధతి ఎంత మంచిదైనా నీళ్లు అట్లనే ఉంటయ్.

2008ల డర్లాక్, డుప్రీ అని ఇద్దరు పరిశోధకులు ఇసొంటి ప్రోగ్రాముల అమలు మీద 500 పైన స్టడీలు ముందటేసుకుని చూసిన్రు, సరిగ్గ అమలైన చోట ప్రోగ్రామ్ ఫలితం రెండు మూడింతలు ఎక్కువ కనిపించింది. నాకు భయమయ్యేది అక్కడనే, రేపు మా పిల్లలకు రక్తం పరీక్ష చేసి రక్తం ఏం పెరగలేదంటే గోలీ పనిచేస్తలేదని రాస్తరు, మింగని గోలీ ఎట్ల పనిచేస్తది?

ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిన్నాక, చేతులు కడిగే నల్లా కాడనే ఇస్తున్న, నా ముందటనే మింగాలె. రిజిస్టర్ల ఇచ్చిన్రు, మింగిన్రు, రాలే అని మూడు గడులు గీసుకున్న. మూడో గడి చూస్తేనే పాణం కలుక్కుమంటది, పత్తి ఏరే దినాలల్ల అది నిండిపోతది, అమ్మానాయనలతోని చేనుకు పోయే పిల్లలు వాళ్లు, చూస్తేనే కండ్లు పాలిపోయి ఉంటయ్. నులిపురుగుల గోలీకైతే ఆ రోజు రానోళ్లకు ఇంకో రోజు పెడ్తరు, ఐరన్ గోలీకి మా బడిల అసొంటి రోజు లేదు. అందుకే ఈసారి పత్తి అయ్యేదాక వాళ్ల గోలీలు ఆశా అక్క చేతికిస్త అన్న, పొద్దుమీకి ఇంటికాడ అన్నం తిన్నాక మింగిపిస్త సార్ అన్నది. ఆమెకు కూడా అవే మూడు గడులు గీసి ఒక నోట్‌బుక్ ఇచ్చిన.