వెనక చక్రం బెండు తీయడం: నా అనుభవం

కోనసీమ కాలవగట్ల మీద కొబ్బరికాయలు మోసే సైకిళ్ళకి ముందుగా బెండు పడేది వెనక చక్రమే. పాత పెద్ద సైకిళ్ళకి ముందు 32 పుల్లలు (స్పోకులు) ఉంటే వెనక 40 పెట్టింది అందుకే. చక్రం ఊగుతోందనగానే చాలామంది నేరుగా పుల్లల మీద పడతారు. నేను మాత్రం ముందు రిమ్ము పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తాను. ఆట తెలిస్తే లోపం హబ్బు (చక్రం నడిమి భాగం) కోనులో, అంటే ఇరుసు మీద గోళీల్ని పట్టి ఉంచే మరలో, ఉన్నట్టు. అది బిగించకుండా ఎంత బెండు తీసినా నిలవదు. అలాగని మరీ బిగిస్తే ఇరుసు గరగరలాడుతుంది.

తర్వాత సైకిల్ని తిరగేసి, ఫ్రేముకి చెయ్యి ఆనించి, సుద్దముక్కని రిమ్ము పక్కన బియ్యపుగింజంత ఎడంలో పట్టుకుని చక్రం మెల్లగా తిప్పుతాను. సుద్ద గీసుకున్న చోట రిమ్ము ఇటు వచ్చిందన్నమాట. అక్కడ హబ్బుకి అవతలి వైపు వెళ్ళే పుల్లలు బిగించి, ఇవతలివి అంతే సడలించాలి. పుల్లని రిమ్ముకి బిగించే చిన్న మరే నిపిల్. నిపిల్‌కి పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. ఒక్క పుల్లనే లాగేస్తే బెండు పక్కకి జరుగుతుందంతే. టైరు వైపు నుంచి చూస్తే నిపిల్ గడియారం ముల్లు తిరిగే వైపుకి బిగుస్తుంది, హబ్బు వైపు నుంచి చూస్తే దానికి ఎదురు. కొత్తవాళ్ళ చెయ్యి తప్పేది ఇక్కడే.

పక్కకి ఊగడం వేరు, ఎగిరెగిరి పడటం వేరు. రాడ్ బ్రేకుల్లో (తీగకి బదులు ఇనప కడ్డీలతో లాగేవి) రబ్బరు రిమ్ము లోపలి వైపు పట్టుకుంటుంది కాబట్టి, ఎత్తుపల్లాలుంటే బ్రేకు కుదుపుతో పడుతుంది. ఎత్తు లేచిన చోట రెండు వైపుల పుల్లల్నీ జంటగా బిగించాలి. ఈ పని ముందు ముగిస్తేనే పక్క బెండు తేలిగ్గా వస్తుంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు సైకిళ్ళతో ఇంకో తంటా. ఉప్పుగాలికి నిపిళ్ళు తుప్పు పట్టి పుల్లతో పాటే మెలితిరుగుతాయి. ముందురోజు రాత్రే ఒక్కో చుక్క కిరసనాయిలు వేసి ఉంచాలి. లేకపోతే నిపిల్ తిప్పే స్పోక్ కీ దాని మూలల్ని అరగదీసేస్తుంది, ఇక పుల్ల కోసెయ్యడమే.

చివర్న పుల్లల్ని రెండేసి కలిపి గట్టిగా పిసుకుతాను. టిక్కుమంటూ మెలికలు విడతాయి, బెండు కాస్త తిరిగి కనిపిస్తుంది, మళ్ళీ సరిచెయ్యాలి. బరువుకే పుల్లలు విరుగుతాయంటారుగానీ, ఎక్కువగా విరిగేవి వదులుగా ఉన్నవే. చక్రం తిరిగిన ప్రతిసారీ బిగుస్తూ సడలుతూ హబ్బు దగ్గర వంపులో తెగుతాయి. ఒకే వైపు పుల్లల్ని మీటితే అన్నీ ఇంచుమించు ఒకేలా మోగాలి.

నిపిల్ దాటి పొడుచుకొచ్చిన కొసల్ని ఆకురాయితో అరగదీసి, పైన పాత ట్యూబు పట్టీ చుట్టాకే టైరు ఎక్కించాలి. లేదంటే పంచరు లోపలి నుంచే పడుతుంది.