ఎడమవైపు పుస్తకం, కుడివైపు పోర్టల్

డిసెంబరు 16, పాలకొల్లు

14న జీఎస్‌టీ పోర్టల్‌లో 2బి (అమ్మినవాళ్లు చూపించిన మన కొనుగోలు బిల్లుల జాబితా) వచ్చేసింది, 20లోపు 3బి (నెలవారీ పన్ను రిటర్ను) వెయ్యాలి. పదిమంది వ్యాపారుల జీఎస్‌టీ లెక్కలు చూసే మాకు ప్రతి నెలా ఈ మధ్య రోజుల్లో ఊపిరి సలపదు. పైగా సార్వా ధాన్యం మిల్లులకి దిగే కాలం. పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి రైసు మిల్లు గుమాస్తా బాబాయ్‌గారు బిల్లుల కట్టతో మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "ఆయ్, ఈసారి మాది కాస్త ముందు చూసిపెట్టమ్మా" అన్నారు. ఆ ఫైలే ముందు తీశాను.

చెప్పుకుంటే చిన్న పనే. మనం టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎక్కించిన కొనుగోలు బిల్లులు ఒక ఎక్సెల్‌లో, పోర్టల్ నుంచి దించిన 2బి ఇంకో ఎక్సెల్‌లో. రెండూ బిల్లు బిల్లుకీ సరిపోవాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లు 2బిలో కనబడితేనే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం. ఒక్క బిల్లు మన కన్నుగప్పినా ఆ మేరకు మిల్లువాళ్ల డబ్బు ఆగిపోతుంది.

కొత్తగా చేరిన అమ్మాయి ఆల్ట్-ట్యాబ్ కొడుతూ ఇక్కడ బిల్లు నంబరు చూసి, పెదవులతో వల్లించుకుంటూ అక్కడికెళ్లి వెతుకుతోంది. ఎంత చురుకైన పిల్లయినా మధ్యాహ్నానికి నీరసపడిపోతుంది అలా చేస్తే. పక్కన కూర్చుని చూపించాను. విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే ఉన్న ఫైలు సగం తెరకి సర్దుకుంటుంది. మిగతా సగంలో తెరిచి ఉన్నవన్నీ చిన్న బొమ్మలుగా వస్తాయి. బాణాలతో 2బి దగ్గరికెళ్లి ఎంటర్ కొడితే అది కుడివైపు కూర్చుంటుంది. "మౌస్ ముట్టుకోలేదేంటక్కా!" అంది. టాలీలో ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు అంటూ రోజంతా కీబోర్డు మీదే బతికేవాళ్లం, ఈ ఒక్కదానికి మాత్రం మౌస్ ఎందుకు?

ఎడమ పుస్తకం, కుడి పోర్టల్. ఎప్పుడూ అదే వరస, మార్చకూడదు. ఏది ఎటుందో కంటికి తెలిసిపోతే బుర్రకి ఆ పని తప్పుతుంది.

అలా పెట్టిన కాసేపటికే గోనె సంచుల కొట్టు బిల్లు దొరికింది. మన పుస్తకంలో 145, అటువైపు 0145. తేదీ ఒకటే, మొత్తం ఒకటే, 37తో మొదలయ్యే జీఎస్‌టీ నంబరూ ఒకటే. 145 అని తలలో పెట్టుకుని వెళ్లినవాళ్లకి అది వేరే బిల్లులా కనబడుతుంది. రెండు వరసలూ ఎదురెదురుగా ఉంటే మొదటి సున్నాయే తేడా అని ఇట్టే తెలుస్తుంది.

మా తాతగారు మిల్లు గుమాస్తా. ఒకరు చిట్టా (రోజువారీ లెక్కల పుస్తకం) చదువుతుంటే ఇంకొకరు ఆవర్జాలో (ఖాతాల పుస్తకం) టిక్కు పెట్టేవారట. రెండు పుస్తకాలూ తెరిచి ఉండాల్సిందే, ఒకదాని మీద ఒకటి పెట్టడం ఉండేది కాదు. 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్‌లో కూడా ప్రోగ్రాముల విండోలు పక్కపక్కనే ఉండేవి, ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కేది కాదు. 1987లో రెండోది వచ్చాక ఒకదాని కింద ఒకటి దాగడం మొదలైంది. మళ్లీ 2009లో విండోస్ 7తో ఈ బాణాల సదుపాయం వచ్చింది. ఉత్తరాలు రాసుకునేవాళ్లకి ఎలా ఉన్నా సరే, లెక్కలు సరిచూసేవాళ్లకి మాత్రం ఆ మొదటి పద్ధతే సరైనదని నా గట్టి నమ్మకం.

మధ్యాహ్నం ఆక్వా ఫీడు డీలరు ఫోన్. మిల్లు ఫైళ్లు కదపకుండా విండోస్, కంట్రోల్, డి నొక్కి కొత్త డెస్క్‌టాప్ తెరిచాను. ఆయన ఫైళ్లన్నీ అందులో. విండోస్, కంట్రోల్ పట్టుకుని బాణం కొడితే అటూ ఇటూ వెళ్లొచ్చు. ఒక పార్టీ కాగితాలు ఇంకో పార్టీ కాగితాల్లో కలవకూడదన్నది మా వృత్తిలో అన్నిటికన్నా పెద్ద మాట. అందుకే పార్టీకి ఒక డెస్క్‌టాప్ అని అమ్మాయికి మరీ మరీ చెప్పాను. పని అయ్యాక విండోస్, కంట్రోల్, ఎఫ్4. డెస్క్‌టాప్ పోతుంది గానీ అందులో తెరిచినవి పోవు, పక్క డెస్క్‌టాప్‌లోకి వచ్చేస్తాయి. కాబట్టి ముందు ఫైళ్లు మూసి, తర్వాతే అది నొక్కాలి.

సాయంత్రానికి మిల్లు లెక్క తేలింది, రబ్బరు రోల్స్ బిల్లు ఒక్కటి తప్ప. ఆ కొట్టువాళ్లు 11లోపు తమ అమ్మకాల రిటర్ను వెయ్యలేదన్నమాట, 2బిలో ఊసే లేదు. బాబాయ్‌గారికి ఫోన్ చేసి చెప్పాను. "రేపు పొద్దున్నే వాళ్ల కొట్టుకే వెళ్తానమ్మా" అన్నారు. ఈ నెల 3బిలో ఆ క్రెడిట్ తీసుకోవడం లేదు. వాళ్లు చూపించిన నెలలో తీసుకుంటాం. రేపు ఫీడు డీలరు ఫైలు. అది తనే చూస్తానంది అమ్మాయి, సరేనన్నాను.