ఉదయం క్లాసు జర్మనీలో, లైబ్రరీ పోలండ్‌లో

ఫ్రాంక్‌ఫర్ట్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది పెద్ద విమానాశ్రయం ఉన్న ఊరు. నేను వెళ్ళింది అక్కడికి కాదు. పోలండ్ సరిహద్దులో, ఓడర్ నది ఒడ్డున అదే పేరుతో ఇంకో చిన్న ఊరుంది. బెర్లిన్ నుంచి రీజినల్ రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. హైదరాబాద్‌లోని భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో నాకు జూనియర్ అయిన ఒకమ్మాయి అక్కడి వియాద్రినా యూనివర్సిటీలో యూరోపియన్ స్టడీస్ ఎంఏ చేస్తోంది. బెర్లిన్ దాకా వచ్చి తనని చూడకుండా వెళ్తే ఊరుకోనంది.

ఆ చదువుకి ఏం ఉద్యోగం వస్తుందని వాళ్ళింట్లో ఇప్పటికీ అడుగుతున్నారట. చట్టం, రాజకీయాలు, ఆర్థికం, చరిత్ర, సంస్కృతి అన్నీ కలిపి చెబుతారు మరి, ఒక్క ముక్కలో చెప్పాలంటే కష్టమే.

వియాద్రినా మొదట 1506లో పుట్టింది. పేరున్న జర్మన్ పండితులు హంబోల్ట్ సోదరులు కొన్నాళ్ళు ఇక్కడ చదివారు. 1811లో దాన్ని బ్రెస్లౌకి (ఇప్పటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) తరలించేశారు. మళ్ళీ తెరిచింది 1991లో, జర్మన్లనీ పోలిష్ వాళ్ళనీ ఒకచోట చదివించాలని. అదే ఏడాది ఏప్రిల్‌లో పోలిష్ వాళ్ళకు వీసా ఎత్తేసినప్పుడు, వంతెన దాటి వస్తున్న వాళ్ళ మీద నియో నాజీలు రాళ్ళు రువ్వారు. అలాంటి చోట ఈ యూనివర్సిటీ పెట్టడానికి గుండె ధైర్యమే కావాలి.

గోదావరి చూసిన కళ్ళకు ఓడర్ ఏమంత పెద్దది కాదు. కబుర్లు చెప్పుకుంటూ వంతెన దాటేశాం. అటుపక్క ఊరు స్వుబిత్సె. 1945 దాకా అది ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక పేట. యుద్ధం తర్వాత నదే సరిహద్దయింది. అక్కడి జర్మన్లు వెళ్ళిపోయారు, పోలిష్ వాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. వంతెన దిగగానే కొలేగియుం పోలోనికుం కనిపిస్తుంది. వియాద్రినా, పోజ్నాన్‌లోని ఆడమ్ మిత్స్‌కేవిచ్ యూనివర్సిటీ కలిసి నడిపే క్యాంపస్ ఇది. "పొద్దున క్లాసు జర్మనీలో అక్కా, మధ్యాహ్నం లైబ్రరీ పోలండ్‌లో" అని నవ్వింది.

ఊళ్ళో వికీపీడియాకి ఒక విగ్రహం కూడా ఉంది, 2014లో పెట్టారు. పేరు లేకుండా రాసేవాళ్ళందరికీ అంకితం. 2003 నుంచి తెలుగు వికీలో రాస్తున్న మనవాళ్ళకూ అందులో వాటా ఉన్నట్టే కదా అని ఫొటో తీసుకున్నాను.

తర్వాత బజారు. సిగరెట్ల కొట్లు, మంగలి షాపులు, బోర్డులన్నీ జర్మన్‌లో. యూరోలిస్తే తీసుకుంటున్నారు. కొట్లవాళ్ళు జర్మన్ గడగడా మాట్లాడేస్తున్నారు. నది దాటి వచ్చిన జర్మన్ బేరగాళ్ళలో మాత్రం పోలిష్‌లో థాంక్స్ చెప్పినవాళ్ళు కూడా నాకు తగల్లేదు. రెండు ఊళ్ళ హీటింగ్ పైపులు కలిశాయి, 2012 నుంచి బస్సూ తిరుగుతోంది. భాష మాత్రం ఒకవైపే ప్రయాణిస్తోంది. డబ్బు ఎటుంటే ఆ భాష నేర్చుకుంటారు, ఇంగ్లీషు విషయంలో మనం చేసిందీ అదే. పిరోగి (కూరిన పిండి కుడుములు) తింటూ ఈ మాటంటే, తను పోలిష్ కోర్సులో చేరానని చెప్పింది. ఉచ్చారణ నోరు తిరగక టెన్షన్ పడుతోందట.

తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కాం. 2007 డిసెంబర్‌లో పోలండ్ షెంగెన్‌లో, అంటే సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల కూటమిలో, చేరాక ఇక్కడ తనిఖీలు పోయాయి. 2023 అక్టోబర్‌లో జర్మనీ మళ్ళీ మొదలుపెట్టింది, 2025 జులైలో పోలండ్ కూడా. మా బస్సూ ఆగింది. పోలీసులు అందరి కార్డులూ చూశారు, మా ఇద్దరి పాస్‌పోర్టులకు కాస్త ఎక్కువ సేపు పట్టింది. తను మాత్రం ఏమీ విసుక్కోలేదు. ఈ సెమిస్టర్ పేపర్ రాస్తోంది ఈ తనిఖీల మీదేనట. "ఫీల్డ్ వర్క్‌కి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదక్కా, లైబ్రరీకి వెళ్తే చాలు" అంది.